కిన్షాసాకు నేను తెచ్చిన భవనం

దుబాయ్ పక్కనే ఉన్న ఈ రోలా బజారులో గుడ్డల కొట్లు బోలెడున్నాయి గానీ, కౌంటర్ దగ్గర నిలబడి ఒక పెద్ద భవనాన్ని నది దాటించి పక్క దేశంలో పెట్టిన సేల్స్‌మన్‌ని నేనొక్కణ్ణే.

కాంగో రాజధాని కిన్షాసా నుంచి సరుకుకు వచ్చే ఒక వ్యాపారస్తురాలు కరోనాకు ముందు నా దగ్గరే కొనేది. మళ్లీ విమానాలు ఎగిరాక వచ్చి, మా కొట్లోనే పక్క కౌంటర్లోని జగిత్యాల అన్న ముందు కూర్చుంది. అతను రేటు మాట ఎత్తకుండా ఊరి కబుర్లు అడుగుతుంటే నాకు కడుపు మండింది. గుంటూరులో మా నాన్న కిరాణా కొట్లో చేసిన పనే అది! పల్లె నుంచి ఎవరొచ్చినా ముందు మీ ఊళ్లో వాన పడిందా అనేవారు. నా ఇంటి విద్యను నా కళ్లముందే ఇంకొకడు వాడుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఫోన్లో కిన్షాసా అంతా బట్టీపట్టాను. సాయంత్రం ఆమె మళ్లీ రాగానే తగులుకున్నాను.

"మామా," అన్నాను, కాంగో ఆడవాళ్లను మర్యాదగా పిలిచే పిలుపుతో. "మీ నది ఒడ్డున ఆ ఎత్తు భవనం ఉంది చూడండీ, అబ్బ, దాని ముందు దుబాయ్ కూడా చాలదు!"

ఆమె పకపకా నవ్వింది. రోలాలో నేర్చిన హిందీలో, "అది మాది కాదయ్యా. అవతలి ఒడ్డుది, బ్రాజావిల్. వేరే దేశం, వేరే రాజధాని" అంది.

"అయితే గీసి చూపించండి!" కాగితం ఇస్తే పిసినారితనంగా ఉంటుందని తెల్ల పాప్లిన్ తాను పరిచి, బాల్‌పెన్ను చేతికిచ్చాను.

నది గీసింది. ఎగువన సరస్సంత వెడల్పు, దిగువన రాళ్ల మీద నురగలు. ఇవతలి ఒడ్డున పొడవాటి బులివార్డ్ రోడ్డు, దూరంగా లిమెటే పేటలో నాలుగు కాళ్ల మీద లేచిన కాంక్రీటు గోపురం. "ఇదీ మాది" అంది. అవతలి ఒడ్డున నా భవనం.

"ఎన్ని తానులు కట్టమంటారు?" అన్నాను నేను.

అన్న మెడ చాపాడు. "గా ఒడ్డుకు మీవోళ్లు ఎవరన్న ఉన్నరా మామా?"

ఆమె పెన్ను ఆగింది. చెల్లెలట. ఆ భవనం వెనకే ఇల్లట. కరోనాలో పడవలు ఆగిపోతే ఈమె రోజూ సాయంత్రం ఇవతల నిలబడి ఆ భవనాన్నే చూసేదట.

అన్న స్టూలు జరిపాడు. ఆమె వెళ్లి అక్కడ కూర్చుంది. భవనం మాట ముందు ఎత్తింది నేనే కదా!

"ఫికర్ జెయ్యకు తమ్మీ," అన్నాడు అన్న ఆమె వెళ్లాక. "నీ బిల్డింగుతోనే గదా ముచ్చట షురువైంది." అది ఓదార్పో, పుండు మీద కారమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆమె కొన్న పద్దెనిమిది తానులూ అన్న బిల్లులో పడ్డాయి. నా పేరున ఒక్కటే: నేనే కొనుక్కున్న ఆ సిరా గీతల పాప్లిన్, రెండు మీటర్లు, స్టాఫ్ రేటు. "రేటు ఇంకా తగ్గించమంటావా?" అని ముదీర్, అంటే మా మేనేజర్, అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వద్దన్నాను.