టిక్కు తీసేసిన గెడ్డ

మా ఆఫీసు గోడకి ఒక మ్యాపు ఉంది. భీమిలి దాటాక కొండకీ సముద్రానికీ మధ్య వేసిన లేఅవుట్‌ది. ఇల్లు కట్టుకోదగిన నేల ఆకుపచ్చ, ఆలోచించుకోవాల్సింది పసుపు, కట్టకూడనిది ఎరుపు. చూడబోతే అంతా పచ్చగా కళకళలాడిపోతుంటుంది. అంత పచ్చదనం ఆ కొండ మీద వానాకాలంలో కూడా ఉండదు. ఆ మ్యాపు గీసింది నేనే.

నాది కంప్యూటర్లో భూమి చూసే ఉద్యోగం. ఉపగ్రహం తీసిన ఫొటో, కొండ వాలు లెక్కలు, పాత గ్రామ నక్షా, అన్నీ ఒకదాని మీద ఒకటి పొరలుగా పరుస్తాను. ఇంత వాలు దాటితే ఎరుపు, గెడ్డకి, అంటే కొండవాగుకి, ఇంత దగ్గరైతే ఎరుపు అని షరతులు చెబుతాను. సాఫ్ట్‌వేర్ రంగులు పూస్తుంది. దానికి ఎదురు చెప్పడం రాదు, సిగ్గుపడడం రాదు. ఈ రెండు గుణాల వల్లే మా సారుకి అదన్నా నేనన్నా మహా ఇష్టం.

గీసేముందు ఒకసారి వెళ్ళి నేల చూసి రావాలని మా ఆఫీసులో రూలు ఉంది. మే నెల ఎండలో వెళ్ళాను. జీడితోటల పక్కన వెడల్పాటి ఇసుక దారి ఒకటి కొండ నుంచి ఈశాన్యానికి దిగుతోంది. నున్నటి గుండ్రాళ్ళు, ఎక్కడా ముళ్ళకంపైనా లేదు. అక్కడ మేకలు మేపుకుంటున్న ఒక ముసలమ్మ నా చేతిలో ఫోనూ, మెడలో ఐడీ కార్డూ చూసి దగ్గరికొచ్చింది.

"ఏటి బాబూ, ఏటి సూత్తన్నావు?"

"ఇళ్ళ స్థలాలు వస్తాయమ్మా ఇక్కడ."

"ఇక్కడా? ఇది గెడ్డ బాబూ. వోన పడితే కొండ నీరంతా ఇట్నుంచే దిగుతాది. మేకలు కూడా ఆ రోజుల్లో ఇటు రావు."

మా రిపోర్టులో 'స్థానికుల అభిప్రాయం' అని ఒక గడి ఉంటుంది. ఆమె చెప్పింది బుద్ధిగా పుస్తకంలో రాసుకున్నాను. ఆమె నా రాత కేసి చూసి చాలా సంతోషించింది. తన మాట ఎవరో కాగితం మీద పెట్టడం అదే మొదటిసారేమో.

మొదటి మ్యాపులో ఆ గెడ్డ పొడుగునా ఎర్రటి పట్టీ వచ్చింది. లేఅవుట్ నడుమ సరిగ్గా కడుపు కోసినట్టుగా ఉంది. సారు చూసి కుర్చీలో వెనక్కి వాలారు.

"ఏటయ్యా ఇది? ఫొటోలో నీళ్ళేవి? ఒక్క చుక్క చూపించు."

"ఎండాకాలం ఫొటో కదండీ."

"ఎండాకాలమైతే ఏం? ఉపగ్రహం అబద్ధమాడుద్దా? అది బండి దారి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి, నాలుగో కాలు చూపించి, ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు నాకంటే ముందు ఇద్దరున్నారు. గెడ్డ అనే పొర పక్కన చిన్న గడిలో ఒక టిక్కు ఉంటుంది. అది తీసేశాను. ఎన్ని తరాల నుంచి పారుతోందో తెలియని గెడ్డని ఒక్క క్లిక్కుతో ఎండగట్టేశాను. 'స్థానికుల అభిప్రాయం' గడిలో 'అభ్యంతరాలు లేవు' అని టైపు చేశాను. నిజానికి ఆ ముసలమ్మ అభ్యంతరమేమీ చెప్పలేదు, ఉన్న సంగతి చెప్పిందంతే. ఇలాంటి తర్కాలు నాకు బాగా వచ్చు.

అక్కడితో ఆగితే బాగుండేది. లేఅవుట్ వాళ్ళు ఒక వాస్తు సిద్ధాంతిగారిని పంపించారు. ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, ఏసీ కింద శాలువా కప్పుకుని, ఈశాన్యం పల్లముండాలి, నైరుతి ఎత్తుండాలి, నేల చదునుగా ఉండాలి, ముళ్ళూ పుట్టలూ ఉండకూడదు అని చెబుతూ పోయారు. నేను ఒక్కో మాటనీ షరతుగా మార్చి, వాస్తు పేరుతో ఒక పొర తయారుచేశాను. కంప్యూటరుకి వాస్తు నేర్పినవాణ్ని ఈ ఊళ్ళో నేనొక్కణ్నేనని కాలరెగరేశాను కూడా. సారు స్వీట్లు తెప్పించారు.

ఆ వాస్తు పొర వేసి నడిపితే, మొత్తం లేఅవుట్లో అన్నిటికంటే ముదురు పచ్చగా వచ్చిన జాగా ఏదనుకున్నారు? ఆ గెడ్డే. చదునైన నేల, పుట్ట లేదు, ముల్లు లేదు, ఈశాన్యానికి ఒద్దికగా వాలింది. ఉండదు మరి, ఏటేటా కొండ నీరొచ్చి కడిగి, తుడిచి, వాలు సరిచేసి పోతుంటే! దానికి 'ప్రత్యేక వాస్తు బ్లాకు' అని పేరు పెట్టారు. ముందు అమ్ముడుపోయినవి ఆ ప్లాట్లే.

అందులో ఒకటి మా బావది.

మా అక్క మొగుడు ముప్ఫయ్యేళ్ళకి పైగా ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేశాడు. ఉక్కునగరంలో క్వార్టరు. రిటైరైతే అది ఖాళీ చెయ్యాలి. సొంతానికి ఎక్కడా జానెడు నేల లేదు. అక్క ఎన్నేళ్ళ నుంచో తులసి మొక్కని డబ్బాలోనే పెంచుతోంది, సొంతింట్లో కోట కట్టి పెడతానని. బావ దాచుకున్నదంతా పట్టుకుని ఒక రోజు మా ఆఫీసుకొచ్చి, ఆ మ్యాపు ముందు నిలబడ్డాడు.

"ఇది బాగుంటాదా బావా?" అని ఆ ముదురు పచ్చ మీద వేలు పెట్టాడు. నన్నూ బావా అనే పిలుస్తాడు.

నా నోట్లో మాట అక్కడే ఉంది. గెడ్డ అనాలి. రెండక్షరాలు. కానీ పక్క గదిలో సారున్నారు. పైగా గెడ్డ అంటే, మరి పచ్చ ఎవరు పూశారని అడుగుతాడు కదా. లేఅవుట్ వాళ్ళు కింద తూములు వేస్తారట అని ఎవరో అన్నది గుర్తొచ్చింది. అది నమ్మితే నాకు హాయిగా ఉంది, అందుకని నమ్మాను.

"మ్యాపులో పచ్చగానే ఉంది కదా బావా," అన్నాను.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బావ సింహాచలం వెళ్ళి అప్పన్నకి దణ్ణం పెట్టుకొచ్చాడు. ప్లాటు నంబరు రాయికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. షిఫ్టులో కనిపించినవాడికల్లా, "మా బావమరిది కంప్యూటర్లో సూసి సెప్పాడు" అని చెప్పుకున్నాడు. ఆ ఏడు అప్పటిదాకా పెద్ద వాన పడలేదు, సెప్టెంబరులో పునాదులు తవ్వించాడు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు కుండపోత. మూడో రోజు పొద్దున్న బావ ఫోను చేసి, ఒకసారి చూసొద్దామన్నాడు. ఉక్కునగరం వెళ్ళి బండి మీద ఎక్కించుకున్నాను. రోడ్డు మీద గుంతలొచ్చినప్పుడల్లా వెనక నుంచి నా భుజం పట్టుకుని, మెల్లగా బావా మెల్లగా అంటూ వచ్చాడు.

అక్కడ ప్లాటు లేదు. ఎర్రటి నీళ్ళు కొండ నుంచి ఈశాన్యానికి, సిద్ధాంతిగారు చెప్పిన వాలులోనే, ఏ తడబాటూ లేకుండా పోతున్నాయి. నంబరు రాళ్ళ తలలు నాలుగైదు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. పునాది గోతులు ఎక్కడున్నాయో బావకి కూడా తెలియలేదు. గట్టు వెంట అటూ ఇటూ నడిచి వెతికాడు. తర్వాత నా మొహం చూసి, నన్నే ఓదార్చాడు.

"మిషనుకేటి తెలుత్తాది బావా. నువ్వేటి సేత్తావు. నీకు తెల్దు కదా."

తప్పించుకునే దారి ఆయనే చూపించాడు. నేను సందేహించకుండా దూరిపోయాను.

"అవును బావా, సాఫ్ట్‌వేర్‌దే తప్పు," అన్నాను.

గట్టు మీద జీడిచెట్ల కింద గోనెసంచి కప్పుకుని ఆ ముసలమ్మ నిలబడి ఉంది, మేకల్ని వెనక్కి అదిలిస్తూ. నన్ను గుర్తుపట్టింది. మొహం విప్పారింది. తన మాట నిజమైందన్న గర్వం కాదు, తెలిసినవాడు కనబడ్డాడన్న సంబరం.

"ఈ బాబే కదా! ఆ ఏళ నాను సెప్పాను, ఇది గెడ్డని," అంది బావతో. "పాపం, కాయితం మీద రాసుకున్నాడు కూడాను."

బావ నా వైపు తిరగలేదు. లుంగీ పైకి కట్టుకుని, బండి దగ్గరికి నడిచాడు.

వచ్చేటప్పుడు నా భుజం మీదున్న చెయ్యి, తిరిగి వెళ్ళేటప్పుడు సీటు వెనకున్న కమ్మీ పట్టుకుంది. భీమిలి నుంచి ఉక్కునగరం దాకా, అన్ని గుంతల్లోనూ, ఆ కమ్మీ వదల్లేదు.