దీక్షా శిబిరంలో జీర్ణక్రియ

ఆ రోజుల్లో చదువంటే నా లెక్కలో, పుస్తకంలో ఉన్నదాన్ని నోట్లోకి, నోట్లోంచి జవాబు పత్రంలోకి దించడమే. మధ్యలో బుర్రను ఇబ్బంది పెట్టడం దేనికని అనుకునేదాన్ని. నెల్లికుదురు దగ్గర మా తండాలో ఇంటి మాట లంబాడీ, బడి మాట తెలుగు, సైన్సు పుస్తకంలో ఉన్నది మాత్రం ఆ రెండూ కాదు ("జఠర రసం" అంటే పెళ్లిళ్లలో పోసే చారు లాంటిదేదో అనుకున్నాను). అందుకే అర్థం జోలికి పోకుండా, ముందుకూ వెనక్కూ ఊగుతూ బట్టీ కొట్టేదాన్ని. పదో తరగతి మొదటి పరీక్షలో పేజీ నిండా జవాబు రాసి, చివర "పక్కనున్న పటం చూడుము" అని కూడా రాశాను. పక్కన పటం లేదు. మా సైన్సు సారు (గుండ్రటి పొట్ట వల్ల బడంతా ఆయన్ను ఫ్లాస్కు సారనేది) పేపరును అటూ ఇటూ తిప్పి, బల్ల కిందికి కూడా వంగి చూసి, "ఏడ జూడాలె బిడ్డా?" అన్నాడు.

సైన్సు తప్పాను. మా బాపు కోప్పడలేదు. "పెద్ద పరీక్షల గిట్లనే అయితే మిరపతోటకు రా. ఆడ పటాలు గీసే పనుండది" అన్నాడంతే. సరిగ్గా అప్పుడే రాష్ట్రం కోసం సమ్మె మొదలై బడికి తాళం పడింది. సారేమో చౌరస్తాలో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. నేను పుస్తకం పట్టుకొని ఆ టెంటుకే పోయాను.

"సార్, జీర్ణక్రియ అర్థమైతలేదు."

"చదివినవా?"

"నాలుగుసార్లు."

"అయితే పుస్తకం మూసెయ్. నీ మాటలల్ల నాకు చెప్పు. ఏడ ఆగుతవో గాడ నీకు రానట్టు. గది మళ్ల చదువు. గంతే."

పుస్తకం మూసి, సారుకు కూడా వినపడనంత మెల్లగా గొణిగాను. టెంటులో మైకు చూసుకుంటూ, పొద్దున్నుంచీ నినాదాలిచ్చి గొంతు పోయిన మైకు అన్న ఇదంతా చూసి, "చెల్లె, మైకు ఖాళీగుండొద్దు, జర నువ్వు మాట్లాడు" అని నా చేతిలో పెట్టేశాడు. నేను కళ్లు మూసుకొని ఊగడం మొదలుపెట్టాను. "ఆహారము నోటిలోనికి ప్రవేశించును..."

"పుస్తకం మాటొద్దు! నీ మాట!" అని సారు అరిచాడు.

సరే, నా మాటే చెప్పాను. "వేడివేడి జొన్నరొట్టె ముక్క తుంచినమనుకోండ్రి. మిరపకాయ తొక్కుల అద్దినం. ఇంక నోట్లె పెట్టనే లేదు, నీళ్లూరినయి. గదే లాలాజలం."

టెంటులో ఉన్న పన్నెండు మందీ ఒక్కసారే గుటక వేశారు. ప్రయోగం ఫలించిందన్న సంబరంతో నేను రొట్టెను ఇంకా నెమ్మదిగా, ఇంకా రుచిగా నమిలి అన్నవాహికలోంచి పొట్టలోకి దించి, అక్కడి ఆసిడులో కరగబెట్టాను. అప్పుడే సారు పొట్ట గుర్రుమంది. ఆ చప్పుడు మైకులోంచి చౌరస్తా అంతా మోగింది. ఎదుటి అరుగు మీద పడుకున్న కుక్క లేచి నిలబడింది.

"ఆపు చెల్లె!" మైకు అన్న పరుగెత్తుకొచ్చాడు. "నిన్ను సర్కారు గిట్ల పంపిందా ఏంది? దీక్ష భగ్నం జేస్తున్నవ్!"

"ఉండు కొడకా" అంది ముందు వరుసలో దీక్షకు కూర్చున్న ఒక అవ్వ. నా వైపు తిరిగి, "బిడ్డా, పొట్టల ఆసిడుంటది, రొట్టెను కరిగిస్తది అన్నవు. మరి పొద్దుగాలసంది మా పొట్టల రొట్టె లేకపాయె. గది మా పొట్టనే కరిగిస్తదా ఏంది?" అంది.

పన్నెండు మందీ తమ పొట్టల మీద చేతులు పెట్టుకొని నన్నే చూస్తున్నారు. నేను సారు వైపు చూశాను. సారుకు తెలుసు, కానీ చెప్పడే! "ఆగినవు గదా, గాడ చదువు" అన్నాడు.

అక్కడే చాప మీద కూలబడి పుస్తకం తెరిచాను. ఊగకుండా చదవడం అదే మొదటిసారి. ఏదో పోగొట్టుకున్నదాన్ని వెతికినట్టు వెతికాను. దొరికింది. అంతకుముందు వందసార్లు అప్పజెప్పిన వాక్యమే! "అవ్వా, పొట్ట గోడకు లోపల జిగట పొర ఉంటదట. ఆసిడు దాన్ని దాటి రాదు."

"బతికిచ్చినవు బిడ్డా" అని అవ్వ పొట్ట నిమురుకొంది. "ఇగ పొద్దుగూకేదాక మంచిగ కూసుంటం."

మర్నాటి నుంచి రోజుకొక పాఠం చెప్పుకోవడానికి మైకు అన్న ఒప్పుకున్నాడు, తిండి మాటెత్తకూడదన్న షరతు మీద. అద్దాలు, అయస్కాంతాలు, కరెంటు అన్నీ ఆ టెంటులోనే నేర్చుకున్నాను. ఆ ఏడాది సైన్సులో నాకొచ్చిన మార్కులు చూసి బాపు హాల్‌టికెట్ నంబరు రెండుసార్లు సరిచూయించాడు.

ఇప్పుడు భూపాలపల్లి దవాఖానలో నర్సుగా ఉన్నాను. రోగులకు ఏదైనా వివరిస్తుంటే ఒక్కోసారి అప్పట్లో నేనైన ఆ రెండు జడల పిల్ల గుర్తొస్తుంది. ఆకలితో ఉన్న పన్నెండు మంది ముందు నిలబడి, అంత శ్రద్ధగా, అంత జాలి లేకుండా రొట్టె నమిలి చూపించిన పిల్ల. ఆ టెంటులోకి మళ్లీ పోగలిగితే ముందు వరుసలో కూర్చొని ఆమె పాఠం మొత్తం వింటాను. కాకపోతే కడుపునిండా తిని పోతాను.