పక్కింటి రోగాల పట్టిక

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నేను పది అన్నచోట మూడనుకోండి, వంద అన్నచోట ఇరవై అనుకోండి. మా ఆవిడైతే నేను వంద అన్నా మూడే అనుకుంటుంది, ఆమెకు నాతో ఇరవై ఆరేళ్ల అనుభవం. బీపీ రీడింగు ఒక్కటి మాత్రం జీవితంలో ఎన్నడూ పెంచి చెప్పలేదు. అది వృత్తి ధర్మం. మిగతా వాటికి నా పూచీ లేదు.

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు, ఏప్రిల్ నెల. కర్నూలులో ఒక నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ పాఠాలు చెప్పే ట్యూటర్ని నేను. పద్దెనిమిది మంది విద్యార్థినులను వెంటేసుకుని ఆలూరు అవతల ఒక పల్లెలో దిగాను. ఊరి పేరు చెప్పను, మళ్లీ అక్కడికి పోవాల్సిన వాణ్ణి. ఎండ సంగతి ఏం చెప్పమంటారు? బస్సు దిగుతూ పట్టుకున్న కమ్మీ మీద నా వేలిముద్రలు ఇప్పటికీ ఉంటాయి. ఆ ఊరి కాకులు ఎగరడం మానేసి, గోడల నీడ పట్టుకుని నడిచి పోతుంటాయి.

వెళ్లిన పనిని మా భాషలో కమ్యూనిటీ నీడ్స్ అసెస్‌మెంట్ అంటారు. ఆస్పత్రిలో నర్సు ఒక మనిషి నాడి పట్టుకుంటుంది. ఈ పనిలో ఊరంతా కలిపి ఒకే పేషెంటు. ఎవరికి ఏ జబ్బుంది, తాగే నీళ్లు ఎక్కడివి, పిల్లలకు టీకాలు పడ్డాయా, కాన్పులు ఎక్కడవుతున్నాయి, ఇవన్నీ గడప గడపా తిరిగి అడిగి ఫ్యామిలీ ఫోల్డర్ అనే కాగితాల కట్టలో రాయాలి. ఇంటికో ఫోల్డరు. ఒక్కోటి పెళ్లి ఆల్బమంత బరువుంటుంది. వాటిని బస్సు పైకెక్కించేసరికి వెనక టైర్లు రెండూ నిట్టూర్చాయి.

ఆ ఊళ్లో ఒక అద్దె గదిలో సబ్ సెంటర్ ఉంది. అంటే ఒక్క నర్సు నడిపే చిన్న ఆరోగ్య కేంద్రం. నర్సు పేరు జరీనా. తొమ్మిదేళ్లుగా అక్కడే పని. మమ్మల్ని కూర్చోబెట్టి, కుండలో నీళ్లిచ్చి, మెల్లగా అసలు సంగతి చెప్పింది.

"ఈ సెంటరు ఎత్తేసి రోడ్డు మీది పెద్దూరికి మారుస్తామంటాండారు సార్. ఈడ రోగుల్లేరంట. నా రిజిస్టర్లో పేర్లు శానా తక్కువ."

"నిజంగానే రోగులు లేరా?"

"ఎందుకు లేరు? అందురూ వస్తారు. సందులోంచి వచ్చి బీపీ చూపించుకుంటారు. పేరు రాద్దామని పెన్ను తీస్తే లేచిపోతారు. మాత్రలు ఆలూరుకు పోయి దుడ్లిచ్చి కొనుక్కుంటారు, ఈడ ఊరికే ఇస్తామన్నా తీసుకోరు. వయసైనోళ్లయితే బస్సు లేనినాడు మాత్రే మింగరు."

"మరి ఎవరెవరికి ఏముందో మాకు చెప్పమ్మా, రాసుకుంటాం."

జరీనా తల అడ్డంగా ఊపింది. "నన్ను నమ్మి చూపించుకునింది నేనెట్ల చెప్తా సార్? మా మీదుండే పెద్దాస్పత్రి డాక్టరమ్మ ఒక మాట అనింది. పిల్లోళ్లు సర్వే చేస్తారు కదా, ఈ ఊర్లో అవసరముందని తేలితే సెంటరు ఉంచమని పైకి రాస్తా అని. శుక్రవారం వస్తాది. ఇంక మీ కాగితాల మీదే ఉండాది."

అప్పటికి సోమవారం. మా దగ్గర నాలుగు రోజులు, మోయలేనన్ని ఫోల్డర్లు, పద్దెనిమిది తెల్ల ఏప్రాన్లు ఉన్నాయి. ఇక మా పని చూసుకోమని జరీనాతో అన్నాను.

మా విద్యార్థినుల్లో మౌనిక అనే అమ్మాయి నోరున్నది. అందుకని మొదటి ఇంటికి ఆమెనే పంపి నేను వెనక నిలబడ్డాను. ఆ ఇల్లు ఈరమ్మ అవ్వది. డెబ్బై ఏళ్లుంటాయి. చెవులకు కమ్మలు, నోట్లో వక్కాకు. గొంతు ఎంత గట్టిదంటే ఆమె ఈడ దగ్గితే ఆదోనిలో బస్సు ఆగుతుంది.

"అవ్వా, మీ ఇంట్లో ఎవరికైనా బీపీ గానీ, షుగర్ గానీ, ఫిట్స్ గానీ, టీబీ గానీ ఉన్నాయా?" అని మౌనిక గడప ముందు నిలబడి గడగడా చదివింది.

అవ్వ ముఖం మాడిపోయింది. "పొద్దున్నే గడప కాడ నిలబడి రోగాల పేర్లు సదువుతాండావే పాపా, మంచిదేనా ఇది? ఈడ పేరెత్తితే లోపలికొచ్చి కూచుంటాది. మా ఇంట్లో అందురూ గుండ్రాళ్ల మాదిరుండాం. పో, పో, పక్కింటికి పో."

పక్కిల్లు నాగిరెడ్డిది. వేరుశనగ రైతు, ఊరి పెద్ద. ఆయప్ప అరుగు మీద కూర్చుని చక్కెర లేని టీ తాగుతున్నాడు. చక్కెర లేదని నాకెలా తెలుసంటే, నాకూ అదే టీ ఇచ్చారు. తాగగానే నా మూతి అష్టవంకరలు పోయి, తిరిగి నిటారు కావడానికి రెండు రోజులు పట్టింది.

"రెడ్డిగారూ, షుగరేమైనా ఉందా?"

"నాకా? నాకేం రోగమప్పా? ఎద్దును ఒంటిచేత్తో నిలేస్తా."

"టీలో చక్కెర లేదే?"

"రేటు పెరిగింది లేప్పా."

ఆయన కొడుక్కి సంబంధాలు చూస్తున్నారని, ఇంట్లో షుగరుందని తెలిస్తే పిల్లనిచ్చేవాళ్లు వెనక్కిపోతారని తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు కాబట్టి మౌనిక 'లేదు' అని రాసింది.

రెండు రోజులు తిరిగాం. బుధవారం పొద్దుటికి ఫోల్డర్లన్నీ పరిచి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఆ ఊళ్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. జలుబు లేదు. తలనొప్పి లేదు. తొంభై ఏళ్ల తాతకు మోకాలి నొప్పయినా లేదు. ఊరు మొత్తానికి బయటపడ్డ అనారోగ్యం ఒకే ఒక్కటి, ఒక గేదెకు కాలు వాచింది. అదైనా గేదె కాబట్టి దాచుకోలేకపోయింది.

"సార్, వీళ్లకు మనం ఆరోగ్యం నేర్పేదేముంది? వీళ్లనే కాలేజీకి తీసుకుపోయి లెక్చర్లు ఇప్పిద్దాం" అంది మౌనిక.

నేను నవ్వలేదు. ఆ కాగితాలు డాక్టరమ్మ చేతిలో పెడితే, ఈ ఊరికి నర్సు అక్కర్లేదని మేమే సంతకం పెట్టినట్టు. వరండాలో జరీనా మా పిల్లలందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వడ్డిస్తోంది. మా ఫోల్డర్ల వంక ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా ఇంకో బజ్జీ వేసింది.

అదిగో, ఆ ఉగ్గాని మూడో పిడికెడు నోట్లో పెట్టుకుంటుండగా నా బుర్రలో మెరుపు మెరిసింది. మామూలు మెరుపు కాదు. ఆ వెలుగుకు వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఒకసారి గుర్రుమంది. ఎవరింటి సంగతి వాళ్లను అడగడమే మేం చేసిన తప్పు.

"ఫోల్డర్లు పక్కన పెట్టండి. ఏప్రాన్లు విప్పండి. గడప ముందు నిలబడొద్దు, లోపలికి పోయి చాప మీద కూర్చోండి. వాళ్ల సంగతి ఒక్క ముక్క అడగొద్దు. పక్కింటివాళ్లు బాగున్నారా అని మాత్రం అడగండి" అన్నాను.

మౌనిక మళ్లీ ఈరమ్మ అవ్వ దగ్గరికే పోయింది. నేను ఈసారి బయటి అరుగు మీదే ఉండిపోయాను. కిటికీలోంచి మాట స్పష్టంగా వినబడుతోంది. అవ్వ గొంతుకు కిటికీ అవసరం లేదనుకోండి.

"పక్కింటి రెడ్డిగారు బాగున్నారా అవ్వా?"

"రెడ్డా?" అవ్వ గొంతు ఒక్కసారి తేనె అయింది. "రా తల్లీ, దగ్గరికొచ్చి కూచో. నేను చెప్పినానని అనొద్దు. ఆయప్పకు షుగరుండాది. శానా ఉండాది. నాలుగేండ్లాయ. కాలి బొటనేలు కాడ పుండు, మానడంల్యా. తెల్లార్లూ మూడుసార్లు లేస్తాడు, తలుపు సప్పుడు నాకినబడ్తాది. ఆ పెండ్లాం పాపం ఎవురికీ చెప్పుకోల్యాక ఏడుస్తాంటాది. ఆ పుండు సంగతి రోంత చూడండి తల్లీ, కాలు పోతాదేమోనని నాకు బయం."

అట్నుంచి తన ఇంట్లో నాగిరెడ్డి: "ఈరమ్మవ్వకు బీపీ. తల తిరిగి బావి కాడ రెండుసార్లు పడింది. మా ఆడమనిషే లేపింది. ఎందుకు చెప్పదంటే, కోడలికి తెలిస్తే ఉప్పు పడదని ఊరగాయ జాడీకి తాళమేస్తాది. ఆ ముసలామెకు ఊరగాయంటే ప్రాణం."

సాయంత్రానికి మా పిల్లలు పరుగున వచ్చారు. నోటుపుస్తకాలు చాలక అరచేతుల మీద, అట్టల మీద రాశారు, ఒకమ్మాయి చున్నీ అంచు మీద కూడా రాసుకొచ్చింది. ఆ ఊళ్లో ఎవరి రోగమూ వాళ్లకు తెలియదు, పక్కింటి రోగం మాత్రం తేదీలతో సహా తెలుసు. ఏ మాత్ర ఏ పూట మింగుతారో, ఏ కోడలికి రక్తం తక్కువో, ఏ తాత బీడీ మానేశానని చెప్పి గడ్డివాము వెనక కాలుస్తాడో, అంతా వచ్చింది. ఇట్లా ఊరి సంగతి తెలిసిన మనిషిని మా పుస్తకాల్లో కీ ఇన్ఫార్మెంట్ అంటారు. ఊరికి ఇద్దరో ముగ్గురో దొరుకుతారని రాసుంటుంది. మాకు ఆరువందల మంది దొరికారు.

అయితే పక్కింటి మాటను పట్టుకుని రిపోర్టు రాయకూడదు. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్పిన ఇంటికి గురువారం మెల్లగా పోయి, వేరే పని మీద వచ్చినట్టు బీపీ చూశాం, వేలు గుచ్చి షుగర్ చూశాం. నూటికి తొంభై పాళ్లు నిజం. ఈరమ్మవ్వ రీడింగు చూసి నేను మిషన్ మార్చి మళ్లీ చూశాను. నాగిరెడ్డి పుండుకు అప్పటికప్పుడు కట్టు కట్టి, ఆస్పత్రికి పోయే రోజు రాసిచ్చాం. రిపోర్టులో పేర్లు రాయలేదు, లెక్కలే రాశాం.

శుక్రవారం పదకొండు గంటలకు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, కళ్లద్దాల పైనుంచి చూసే మనిషి. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, కింద ఊరంతా. రిపోర్టు తిరగేసి ఆమె నన్ను అనుమానంగా చూసింది. "ఇన్ని కేసులా? జరీనా రిజిస్టర్లో ఇందులో పావు వంతు లేవే. మీ పిల్లలు చెట్టు కింద కూర్చుని నింపారా?"

"మీరే అడగండి మేడం" అన్నాను. నోరు జారడం అంటే అదే.

ఆమె జనం వైపు తిరిగింది. "ఇక్కడ బీపీ, షుగర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. చేతిలో విసనకర్రలున్నవాళ్లు కూడా విసురుకోవడం ఆపేశారు. జరీనా షామియానా కర్ర పట్టుకుని నిలబడి నేల చూస్తోంది. తొమ్మిదేళ్ల పని ఆ ఒక్క నిమిషంలో మూటగట్టుకుంటున్నట్టుంది ఆమె ముఖం.

 నాగిరెడ్డి ఊరి పెద్ద కదా, ఊరి తరఫున లేచాడు. "మా ఊర్లో రోగాల్లేవు తల్లీ. ఉంటే గింటే ఆ ఈరమ్మకు రోంత బీపీ ఉంటే ఉండొచ్చు."

ఈరమ్మ అవ్వ లేచింది. "ఏమప్పా నాగిరెడ్డీ, నాకు బీపీనా? చక్కెర రేటు పెరిగిందని టీ చేదుగా తాగేది ఎవురు? ఆ కాలికి కట్టు ఎందుకుండాది, పెండ్లికి ముస్తాబా?"

అవ్వ కోడలు గిర్రున తిరిగింది. "బీపీనా? అంటే అటక మీది ఊరగాయ తరిగిపోతాండేది ఎలకలు కాదన్నమాట."

"నీకేం తెలుసే, నీ రక్తం సంగతి చూసుకో. తెల్లకాగితం మాదిరుండావని జరీనమ్మ తిట్టింది మర్చిపోతివా?"

ఇంక ఆగలేదు. ఈ వరస ఆ వరసను అంది, ఆ వరస ఈ వరసను అంది. ఉబ్బసం, మూలశంక, థైరాయిడ్, గడ్డివాము వెనక బీడీ, అన్నీ షామియానా కింద గాల్లో ఎగిరాయి. రోగి గుట్టు కాపాడటం గురించి నేను ఏటా రెండు గంటల పాఠం చెప్తాను. ఆ పాఠాన్ని ఊరే పది నిమిషాల్లో ఉతికి ఆరేసింది. డాక్టరమ్మ మొదట ఆపబోయింది. తర్వాత పెన్ను తీసింది. ఆ పెన్నులో సిరా అయిపోయి నాది అడిగింది. నాదీ అయిపోయింది.

చివరికి ఆమె లేచి నిలబడింది. నవ్వు ఆపుకోవడానికి కళ్లద్దాలు తుడుచుకుంటోంది. "సరే. ఎవరి రోగం వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు. ఎవరి పక్కింటివాళ్లను వాళ్లు పట్టుకొచ్చి జరీనా గదిలో కూర్చోబెట్టండి. ఒక్కొక్కరినే చూస్తాం, తలుపేసి."

ఆ సాయంత్రం దాకా ఊరంతా ఒకరి జబ్బ ఒకరు పట్టుకుని లాక్కొచ్చింది. లాక్కొచ్చినవాడు పారిపోకుండా వచ్చినవాడు పట్టుకున్నాడు. మా పిల్లలు నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. నాగిరెడ్డి, ఈరమ్మవ్వ ఒకరినొకరు తెచ్చుకున్నారు. జరీనా కొత్త రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకుంది, రాయడానికి భయపడుతూ ఆగింది.

"రాసుకో తల్లీ నా పేరు. ఊరందరికీ తెలిసిపోయ, ఇంక దాసేదేముండాది? కాకపోతే ఆయప్ప పేరు ముందు రాయి, నాది కింద రాయి" అంది అవ్వ.

సెంటరు అక్కడే ఉంది. ఇప్పుడు దానికి రెండు గదులు.

ఊరి అవసరం తెలుసుకోవాలంటే కాగితంలో ప్రశ్న ఎంత బాగుందన్నది కాదు, ఎవరిని అడుగుతున్నామన్నది ముఖ్యమని ఆ వారం నేను నేర్చుకున్నాను. పక్కింటి తలుపు చప్పుడు లెక్కపెట్టే మనిషిని మనం వాగుడుకాయ అంటాం. ఆ మనిషి కాలి పుండు గురించి భయపడి మనకు చెప్పిందని మర్చిపోతాం.

ఇక మిగిలింది అసలు ఒప్పుకోలు. కాకులు ఎగురుతాయి. ఆరువందల మంది అన్నచోట నలభై అనుకోండి. టీకి నా మూతి రెండు నిమిషాల్లోనే సర్దుకుంది. ఇవన్నీ పెంచినవి. కల్పించింది ఒక్కటే, ఆ మెరుపు. ఉగ్గాని తింటున్నప్పుడు నా బుర్రలో ఏమీ మెరవలేదు. ఇంకో బజ్జీ వేస్తూ జరీనా, "వాళ్ల సంగతి వాళ్లనడగొద్దు సార్, పక్కింటోళ్లనడగండి, చాప మీద కూచొని" అంది. నేను ఆ మాటనే గట్టిగా మళ్లీ చెప్పాను, అంతే. రిపోర్టులో ఆమె పేరు రాస్తానంటే, "వద్దు సార్, ఊర్లో తెలిస్తే నాతో ఎవురూ ఏమీ చెప్పరు" అని బతిమాలింది. అందుకే ఇక్కడ రాసిన పేరు కూడా మార్చిందే.

ఆమె పేరు వద్దన్నది ఆమే. ఆ ఖాళీలో నా పేరు రాసుకోమని మాత్రం ఆమె చెప్పలేదు.