గంగులమ్మ పెద్దమ్మ అనని మాట

ఒక మనిషి గొంతు నా గొంతులో ఇరుక్కుని ఏళ్ళయింది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి. అది మాత్రం దిగదు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. చెప్పాల్సింది ఆ మనిషి కూతురికి. ఆమెకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నేను పెద్దగా చదువుకోలేదు. కానీ ఒకసారి విన్న మాట మరిచిపోను. ఎవరు ఎట్లా అన్నారో అట్లాగే గొంతు మార్చి చెప్పగలను. చిన్నప్పుడు మా నాయన గొంతుతో పిలిస్తే ఎద్దులు కూడా తలెత్తి చూసేవి. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఆ మెప్పే నన్ను పాడు చేసింది.

దేశంలో ఏ జిల్లావాళ్ళు ఎట్లా మాట్లాడతారో ఆ గొంతులన్నీ ఒకచోట చేర్చి, కంప్యూటర్లకు మన మాట నేర్పించాలని ప్రభుత్వ ఖర్చుతో ఒక పెద్ద పరిశోధన నడిచింది. బిగ్ డేటా అన్నారు. ఆ పని మీద కోస్తా నుంచి ఒక మేడం వచ్చి ప్రొద్దుటూరులో మకాం పెట్టింది. ఊళ్ళో అందరి ఇళ్ళకూ వెళ్ళేదాన్నని నాకొక ఫోన్ ఇచ్చి, ముసలివాళ్ళ మాటలు అందులో పట్టమంది. "మీరు ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే కావాలండీ. ఏమీ దిద్దొద్దు" అని మరీ మరీ చెప్పింది.

నేనేమనుకున్నానో తెలుసా? ఇంటికొచ్చిన చుట్టం 'ఏమీ చేయొద్దమ్మా, ఉన్నదే పెట్టు' అంటుంది చూడండి, అట్లాంటి మర్యాద మాట అనుకున్నాను. అన్నది కదా అని చుట్టం ముందు పొద్దుటి సంగటి పెడతామా?

గొర్రెలు కాచిన మనిషి ఒకరు కావాలంటే గంగులమ్మ పెద్దమ్మను చూపించాను. మా వీధి చివరే ఉండేది. పుట్టింది పులివెందుల అవతల, కదిరి దోవలో. మేడం ఆమెను అడిగి, ఒప్పించి, పేరు తీసుకుని పోయింది. మరునాడు పొద్దున్నే పెద్దమ్మ తలకు నూనె పెట్టుకుని, పెట్టెలో దాచిన చీర కట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"యాడమే ఆ మిషను? డేటా అంటే ఫోన్లోకి ఏయించుకుంటారే, అదేనా?"

"అది వేరే పెద్దమ్మా. నీ మాటలు ఢిల్లీకి పోతాయి."

"నా మాటలా! తిట్టకుండా నాకు గొర్రెను తోలేకే రాదు గదమే. ఢిల్లీవాళ్ళు చెవులు మూసుకుంటారు!" అని పడీపడీ నవ్వింది.

నేనూ నవ్వాల్సింది. సిగ్గుపడ్డాను. పళ్ళు లేక మాట జారుతోంది, మధ్యలో దగ్గు, నాలుగు మాటలకొక తిట్టు. ఆ మేడం వింటే మా ఊరిని ఏమనుకుంటుంది? "మిషను చెడిపోయింది పెద్దమ్మా, రేపు రాపో" అన్నాను. మిషను నా చేతిలోనే ఉంది. బాగానే ఉంది.

ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని నేనే మాట్లాడాను. పెన్న పొంగినప్పుడు తప్పిపోయిన గొర్రెపిల్లను చేలో వెతికి పట్టుకున్న కథ, పెద్దమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. దగ్గు తీసేశాను. తిట్లు తీసేశాను. మందను పిలిచే ఆమె కేకను మాత్రం ఉన్నదున్నట్టు వేశాను. పెద్దమ్మ పేరు మీద పంపేశాను. నిజం చెప్పాలంటే, బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

మరునాడు ఆమె మళ్ళీ వచ్చింది. అదే చీర.

"మిషను ఇంకా బాగుకాలేదు, మేడం ఫోన్ ఎత్తలేదు పెద్దమ్మా" అన్నాను.

"పోనీలే పాపా. నా మాట ఎవురికి గావాల" అని మెల్లగా వెనక్కి తిరిగింది.

ఆ ఎండాకాలం ఆమె పోయింది.

కూతురు లక్ష్మీదేవిని పులివెందులలో ఇచ్చారు. మేడం అడిగిందని సంబరంగా కూతురికి ఫోన్ చేసి చెప్పుకున్న తల్లి, తన మాట తీసుకోలేదని మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చిన్నతనం అనుకుందేమో. దినాలు అయిపోయాక లక్ష్మీదేవి నా దగ్గరకు వచ్చి, "అక్కా, మా యమ్మ గొంతు ఆ మేడం కాడ ఉంటాది గదా. ఇప్పించు" అంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మేడంకు ఫోన్ చేశాను. ఆమె పంపింది.

మా వసారాలో కూర్చుని విన్నది. కేక దగ్గరికి వచ్చేసరికి కొంగులో మొహం దాచుకుంది. తర్వాత ఉన్నట్టుండి తలెత్తింది.

"అక్కా, మా యమ్మ బుడ్డలంటాది గదా. ఈడ శెనక్కాయల చేను అంటాండాదే?"

వేరుశెనగ కాయలను పెద్దమ్మ పుట్టిన కదిరి వైపు బుడ్డలంటారు, మేము శెనక్కాయలంటాం. ఆ చిన్న మాట నాది. మా ఇంట్లో మాట. ఎంత పట్టుకున్నా నా నోట్లోంచి జారిపోయింది.

"మేడం వింటాది గదమే. మర్యాదగా మాట్లాడింటాది" అన్నాను.

"మా యమ్మకు మర్యాదా!" ఏడుస్తూనే నవ్వింది. "ఢిల్లీ అనేసరికి మారిపోయిందే ముసల్ది."

నమ్మింది.

ఇప్పుడు దాన్ని మనవరాళ్ళకు వినిపిస్తుందట. ఆ కేక నేర్చుకుని వాళ్ళు వీధిలో ఒకరినొకరు పిలుచుకుంటున్నారట. నేను నోరు విప్పితే ఆమెకు మిగిలింది కూడా పోతుంది. విప్పకపోతే ఆ తల్లి స్థానంలో నేనే కూర్చుని ఉంటాను. ఇది ఆమె మీద జాలా, నా మీద నాకున్న భయమా? చాలా రోజులు జాలే అనుకున్నాను. భయమే. తిట్లతో, దగ్గుతో, ఆ నవ్వుతో సహా రావాల్సిన మనిషి గుమ్మం దాకా వచ్చింది. వెనక్కి పంపింది నేను. ఆ అసలు గొంతు ఇప్పుడు ఏ కంప్యూటర్లోనూ లేదు. నాకు గుర్తుంది, కానీ నేను ఎత్తితే అది మళ్ళీ నా గొంతే అవుతుంది.

అందుకే ఈసారి నోటితో చెప్పకుండా రాస్తున్నాను. గంగులమ్మ పెద్దమ్మ బుడ్డలనేది. శెనక్కాయలన్నది నేను.