బావ ఆ ఆదివారం వేటకు పోలేదు

సునామీ వచ్చిన రోజు నువ్వెక్కడున్నావని ఎవరడిగినా, చర్చిలో ఉన్నానని చెబుతూ వచ్చాను. అది నిజమే. మా అక్క భర్త సముద్రం ఒడ్డున ఎందుకున్నాడో మాత్రం ఇన్నేళ్ళూ చెప్పలేదు.

మైపాడుకు దగ్గర్లో మాది చిన్న పల్లె. మా క్రైస్తవుల ఇళ్ళలో ఆదివారం ఎవరూ వేటకు పోరు, వల ముట్టరు. శనివారం సాయంత్రమే వలలు మడిచి పాకలో పెట్టేస్తాం. ఆ శనివారం క్రిస్మస్. విందు తిని పడుకున్నాను. నా వల ఇసుకలోనే ఉండిపోయింది.

పొద్దున ఆరాధనకు పోతుంటే గుర్తొచ్చింది. పెద్దల కంట పడితే అందరి ముందూ మందలిస్తారు. పక్కనే నడుస్తున్న బావకు మెల్లగా చెప్పాను.

"పలావు తిని పొర్లేది నువ్వు, మోసేది నేనా?" అని నవ్వాడు బావ. "సరే పో బామ్మర్దీ. రెండో పాట అయ్యేలోపల పాకలో పడేసొస్తా. నాకు చోటు పెట్టు."

పెట్టాను. ప్రసంగం మొదలవకముందే బయట కేకలు. చర్చి మెరక మీద ఉండబట్టి నీళ్ళు మెట్ల దాకా వచ్చి ఆగాయి. మధ్యాహ్నానికి సరుగుడు తోటలో బావ దొరికాడు, కాళ్ళకు నా వల చుట్టుకుని.

పడవ మా ఇద్దరిదీ ఒకటే కాబట్టి వల ఎవరిదని ఎవరూ అడగలేదు. సమాధి దగ్గరే ఒకాయన అన్నాడు: "ఆదివారం అని కూడా చూడకుండా వేటకు పోయినాడే!" నేను గుప్పెడు మట్టి తీసి సమాధిలో వేశాను.

ఆ మాట పల్లెలో నిలిచిపోయింది. బావ తల్లి ప్రతి ఆదివారం ప్రార్థనలో లేచి, నా కొడుకు తప్పు క్షమించు ప్రభువా అని ఏడ్చేది. ఆమె వెనక వరసలో కూర్చుని నేనూ ఆమేన్ అనేవాణ్ణి.

ఈ మధ్య బావ కూతురు అడిగింది. "మామా, మా నాన్నకు దేవుడి భయం లేదంట. నిజమేనా?"

ఆ వారం, ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి, చర్చిలో అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇన్నాళ్ళకైనా చెప్పినావని కొందరు నా భుజం తట్టారు. అక్క నాతోపాటే ఇంటికొచ్చింది. గడప దగ్గర ఆగి అంది.

"మా అత్త పోయి రెండేళ్ళయింది కదరా. ఆమెకు ఎవరు చెప్తారు?"