తూటాలు దొరికే తుపాకీ

తుపాకీ కొనడానికి పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నాకేమనిపించిందో మాత్రం గుర్తు లేదు. ఏమీ అనిపించలేదనే అనుకుంటాను. అన్న పోయినప్పటి నుంచి నాకు అన్నీ అట్లాగే జరుగుతున్నాయి. పెట్టింది తింటాను, పక్కవాళ్ళు నవ్వితే నవ్వుతాను, ఎవరైనా పలకరిస్తే బాగున్నానంటాను.

అన్నను గట్టు కింది చేను దగ్గర గొడ్డలితో నరికారు. మాది నాగర్‌కర్నూల్‌కూ వనపర్తికీ నడుమ, కోడేరు దిక్కు ఒక ఊరు. కాలువ నీళ్ళు రాకముందు ఆ చేనును పట్టించుకున్నవాళ్ళు లేరు. నీళ్ళొచ్చాక దానికి విలువ వచ్చింది, విలువ వెంట హద్దు గొడవ వచ్చింది. గొడవ మా చిన్నాయనతో. ఆయన మా నాయనకు సొంత తమ్ముడు. చేయించింది ఆయనేనని ఊరంతా ఎవరి ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. కోర్టులో మాత్రం ఒక్కరూ అనలేదు, కేసు కొట్టేశారు. ఇంకా ఎవరి పేరూ బయటికి రాకముందు, అన్న అస్థికలు బీచుపల్లి దగ్గర కృష్ణలో కలపడానికి పోతే చిన్నాయన కూడా మా జీపులోనే వచ్చాడు. పాలోడు కదా, దాయాదిగా మైల ఆయనకూ ఉంది. నా పక్కనే కూర్చొని గుండు గీయించుకున్నాడు, నా పక్కనే నదిలో మునిగాడు.

కోర్టు వదిలేశాక ఆయన తన రివాల్వర్ లైసెన్సు కూడా తిరిగి తెచ్చుకున్నాడు. కాంట్రాక్టు పనులు చేసిన రోజుల్లో తీసుకున్నది. రివాల్వర్‌ను నడుముకు పెట్టుకొని హోటల్ ముందు చాయ్ తాగేవాడు. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. అనాల్సిన పని కూడా లేదు. పంపకాల్లో అన్నకు వచ్చింది ఆ గట్టు కింది చేను ఒక్కటే. వదినకూ ఆమె బిడ్డకూ బతుకు దాని మీదే. అది రెండేండ్లుగా బీడు పడి ఉంది.

"నీ దగ్గర గూడ ఒకటుంటే ఆయన మన చేన్ల కాలు పెట్టడు" అంది వదిన. "ఎట్లన్న జేసి తెచ్చుకో."

లైసెన్సు కోసం తిరిగిన తిరుగుడు చెప్పడం మొదలుపెడితే అదే ఒక పురాణమవుతుంది. ప్రాణభయం ఉందా అని ప్రతి ఆఫీసులోనూ అడిగారు, ఉందని చెప్పాను. ఉందో లేదో నాకే తెలియదు. భయం పుట్టడానికి కూడా లోపల ఏదో ఒకటి కదలాలి కదా. చివరికి లైసెన్సు వచ్చింది, హైదరాబాద్ పోయాను.

దుకాణం నేననుకున్నట్టు లేదు. గడియారాలు బాగుచేసే కొట్టులా ఇరుకుగా ఉంది. గడ్డానికి గోరింట పెట్టుకున్న పెద్దమనిషి గల్లా దగ్గర కూర్చొని పేపరు చదువుకుంటున్నాడు. ఏ రివాల్వర్ మంచిదని అడిగాను.

"తుపాకీ మంచిదే ఉంటది భాయ్, తూటా దొరుకుతదా లేదా, ముందు అది అడుగు" అన్నాడు, పేపరు మడవకుండానే.

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. తొమ్మిది ఎం.ఎం. పోలీసులకు, మిలిటరీకి, మన చేతికి ఇవ్వరు. ఇరవై రెండు బోరు చిన్నది, దాని తూటాలు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు, వచ్చినప్పుడు పోటీలకు కాల్చేవాళ్ళు పట్టుకుపోతారు. ముప్పై రెండు బోరు సర్కారు ఫ్యాక్టరీలో తయారవుతుంది, కొంచెం ఆలస్యమైనా దొరుకుతుంది. సంస్థానాల కాలం నాటి రివాల్వర్లు మా జిల్లాల నుంచి ఇప్పటికీ తెస్తారట. గద్వాల దిక్కు నుంచి ఒకాయన వెండి పిడి ఉన్నది తెచ్చాడట. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ, దానికి పట్టే తూటా ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు.

"గోడకు తగిలించుకోవాలె, గంతే" అన్నాడు.

బోరు మోటరు కొనేటప్పుడు మేమూ అదే అడుగుతాం, దీని సామాను వనపర్తిలో దొరుకుతుందా లేదా అని. కంపెనీ ఎంత గొప్పదైనా, వాషర్ కోసం హైదరాబాద్ పోవాలంటే పంట ఎండుతుంది. ముప్పై రెండు బోరే ఇమ్మన్నాను. ఒక మనిషిని చంపగలిగే వస్తువును నేను మోటరు కొన్నట్టే కొన్నాను. అట్లా కొన్నందుకు ఆ రోజు నాకు సిగ్గు కూడా వేయలేదు, తర్వాత వేసింది.

రివాల్వర్ వచ్చింది కాబట్టి చేను దున్నాలి. మా ఊరి ట్రాక్టర్ ఆయనను మాట్లాడుకొని పోయాను. మేము గట్టు దిగేసరికే చిన్నాయన చేను హద్దు ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు. నా నడుము దిక్కు చూశాడు, తన అంగీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు. ట్రాక్టర్ ఆయన నాగలి దించకుండానే బండి తిప్పాడు.

"రెండు తుపాకుల నడ్మ నేను తోల్తనా? నాకు పెండ్లాం పిల్లలు లేరా?" అన్నాడు, అందులో తప్పేముంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊర్లలో ఒక్క ట్రాక్టర్ కూడా మా చేనుకు రానంది. తుపాకీ లేనప్పుడు కనీసం అడిగితే ఆలోచించేవాళ్ళు.

యాసంగి పల్లి విత్తే అదును దాటిపోతున్న రోజుల్లో పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. కోడ్ పడగానే లైసెన్సు ఆయుధాలన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. నేను పోయేసరికి చిన్నాయన బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. హెడ్డు కానిస్టేబుల్ ఒక్కొక్కటీ తీసుకొని "ముప్పై రెండు" అని పైకి చదివి చీటీ కట్టాడు. నాదీ ముప్పై రెండే, చిన్నాయనదీ ముప్పై రెండే, మిగతావాళ్ళవీ అవే. ఎవరి భయం వాళ్ళదే అయినా అందరం తూటాలు దొరికేదే కొన్నాం.

మూడో రోజు పొద్దున ట్రాక్టర్ ఆయన తనంతట తనే మా ఇంటి ముందుకు వచ్చాడు.

"ఇద్దరియి ఠాణాల్నే ఉన్నయట గద. తొందరగ పదుండ్రి, దున్నేసి పోత."

వదిన అప్పటికే విత్తనం సంచి ఎత్తుకుంది. కైకిలి ఆడవాళ్ళు కూడా కూలికి వచ్చారు. చిన్నాయనా వచ్చాడు, అదే ఒడ్డు మీద నిలబడ్డాడు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊగుతున్నాయి. నావీ అట్లాగే ఉన్నాయి కావచ్చు. జరసేపు చూసి, తువ్వాల దులుపుకొని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చేను మొత్తం విత్తేశాం. ఆ రోజు చేనులో కూర్చొని జొన్నరొట్టె తింటుంటే నాకు ఆకలి తెలిసింది. ఇన్నాళ్ళు తింటూనే ఉన్నాను కానీ ఆకలి తెలియలేదు. కడుపులో మండుతున్నట్టు ఉంటే సంతోషం వేసింది, ఆ వెంటనే అన్న గుర్తొచ్చి ఏడ్చాను. వదిన చూసి కూడా చూడనట్టు నీళ్ళ సీసా నా దగ్గర పెట్టి పోయింది.

ఎలక్షన్లు అయిపోయాయి, ఎవరో గెలిచారు. ఆయుధాలు తీసుకుపొమ్మని ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరినీ ఒకే రోజు రమ్మన్నారు. హెడ్డు నా రివాల్వర్, ఒక తూటాల సంచి టేబుల్ మీద పెట్టాడు. విప్పి చూస్తే తూటాలు నల్లబడి ఉన్నాయి. నావి కొత్తవి, మెరిసేవి.

"ఇవి నావి కావు సార్" అన్నాను.

పక్కనుంచి చిన్నాయన తన సంచి చూపించాడు. "నీయి ఇట్ల వచ్చినట్టున్నయి." బీచుపల్లి తర్వాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. మళ్ళీ అన్నాడు, "ఎవ్వలియైతేంది బిడ్డా. రెండిట్ల పడ్తయి."

హెడ్డు ఊరుకోలేదు, ఎవరివి వాళ్ళు తీసుకోవాల్సిందేనన్నాడు. చిన్నాయన సంచి నా చేతిలో పెట్టాడు, నేను ఆయన చేతిలో పెట్టాను. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది. మా నాయన చెయ్యిలా వేళ్ళు పొట్టిగా ఉన్నాయి. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు.

నా రివాల్వర్ ఇక్కడే ఉంచుకుంటారా అని హెడ్డును అడుగుదామనుకున్నాను. నాదొక్కటి ఉంచితే ఏం లాభం? ఆయనది నడుముకు ఉంటుంది. ఉంచే ధైర్యం నాకు లేకపోయింది. సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి రెండు తుపాకులూ తిరిగొచ్చిన సంగతి ఊరికి తెలిసిపోయింది. పల్లి చేనులో కలుపు లేచింది. మరుసటి రోజు వస్తామన్న కైకిలి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఇంట్లో పనుందని ఒకరు, జ్వరమని ఒకరు చెప్పి పోయారు. వదిన ఒక్కతే పోయి ఒడ్డు పక్క నాలుగు సాళ్ళు కలుపు తీసి, పొద్దు గూకకముందే వచ్చేసింది. ఒడ్డు మీద ఆయన ఉన్నాడట.

నేను రివాల్వర్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే వదిన గడప దగ్గర నిలబడి అడిగింది.

"పల్లికి ఊడలు దిగుతున్నయి, ఇగ కాయ పడ్తది. పీకేనాటికి ఇంకో ఎలక్షన్ వస్తదా?"

"వస్తది వదినా" అన్నాను. వస్తుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు.