షుగరు పడితే కూసే మిషను

మా ఆయన కోదండపాణికి బిస్కెట్ల పిచ్చి పట్టిందని ఏడాది పొడుగునా తిట్టినా. తొండియార్‌పేటలో మా వీధి వీధంతా విన్నారు. నేను తెల్లారి లేచి సంకటి కెలికి, కాకరకాయ వేపుడు చేసి డబ్బా కట్టి పంపిస్తే, సాయంత్రానికి ఈయన చొక్కా జోబులో క్రీం బిస్కెట్ల కాయితాలు! "యాభై రెండేళ్ళొచ్చె, చిన్నబిడ్డ మాదిరి తింటావే, సిగ్గు లేదా?" అంటే తేలు కుట్టిన దొంగ మాదిరి నోరు తెరవడు.

హార్బరు పక్కన కంటైనర్ల యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ తోలతాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే సీటు. ఎంత బరువునైనా కోడిగుడ్డుని దించినట్టు దించుతాడని యార్డులో పేరు. షుగరొచ్చి తొమ్మిదేళ్ళయింది, ఇన్సులిన్ మొదలుపెట్టి మూడేళ్ళు.

ఆడి నెలలో, అదే మన ఆషాఢంలో, ఒకనాడు కాలి చెప్పు ఊడిపోయింది కూడా తెలియకుండా వీధి చివరిదాకా నడిచినాడు. వెంటనే ఆసుపత్రికి పిలుచుకుపోయినా. డాక్టరమ్మ పిన్నుతో పాదం గుచ్చి చూసింది, రిపోర్టు చూసింది. "డోసు సరిగా వేసుకుంటే షుగరు ఇంత ఉండదే, ఇట్లే ఉంటే కాళ్ళకే మోసం" అనింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పీక్కు తిన్నా. కడాకి చెప్పినాడు.

పోయినేడు బండి మీద ఉండంగా షుగరు పడిపోయిందంట. చెమట పట్టలేదు, చెయ్యి వణకలేదు, ఊరికే కళ్ళు మసకేసినాయంట. బండి ఆగకుండా ముందుకు పోయింది. ఎదురుగా నిలబడి సైగలు చేసే మునికృష్ణ గోడకీ బండికీ నడుమ నుంచి జానెడులో తప్పించుకున్నాడు. ఆఫీసులో ఎవురికీ నిజం చెప్పలేదంట. అప్పటి నుంచి ఇన్సులిన్ సగమే వేసుకుంటా, బండి మీద ఉన్నంతసేపూ బిస్కెట్లు తింటా ఉండాడు. షుగరు ఎక్కితే ఎక్కనీ, పడకుంటే చాలని! తిండిపోతని తిట్టినానే, నా నోరు పడిపోను.

మళ్ళా డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నది చెప్పినాము. జబ్బకి అతికించే మిషనుందంట, రూపాయి బిళ్ళంత. షుగరు పడతా ఉంటే ఫోనులో కూస్తుంది. ఇంక పూర్తి డోసు ధైర్యంగా వేసుకోవచ్చు. కానీ ఒక్కో మిషను రెండు వారాలే వస్తుంది, ధర దగ్గర దగ్గర అయిదు వేలు. కంపెనీ ఇన్సూరెన్సు ఉంది గదా అని ఆఫీసులో ఆ పని చూసే శ్రీప్రియకి ఫోను చేసినా.

"రావచ్చు, రాకపోవచ్చు ఆంటీ. ఆసుపత్రిలో చేరితే ఇస్తారు, ఇట్లాంటివి కష్టం. షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది, ఈయనకి తెలియదు అని డాక్టరు లెటరు ఇస్తే అడిగి చూడొచ్చు. సేఫ్టీ ఆఫీసరు చూసి సంతకం పెట్టినాకే మేము పంపేది."

ఆ లెటరు చూసినోడు ఎవడైనా ఈయన్ని మళ్ళా బండెక్కనిస్తాడా? పోనీ మన దుడ్డుతోనే కొనుక్కుందామంటే, యార్డులోపలికి ఫోను తీసుకుపోకూడదు, గేటు కాడ పెట్టేసి పోవాల. ఫోను గేటు కాడ కూస్తే ఈయనకేం వినబడుతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరమ్మ రాసిచ్చిన లెటరు పన్నెండు దినాలు ఫ్రిజ్జు మీదనే ఉండింది. నేను అలిసిపోయినా. అడగడానికీ ఓపిక లే, తిట్టడానికీ ఓపిక లే. నేను అన్నం పెట్టేది, ఆయన తినేది, ఇద్దరం దాని వైపు చూడకుండా పడుకునేది. ఒకసారి మాత్రం అడిగినా, బండి కావాలా కాళ్ళు కావాలా అని.

"బండి దిగితే గేటు కాడ లారీ నెంబర్లు రాసే పనే గదే. సగం జీతం," అన్నాడు.

ఆ ఆదివారం మునికృష్ణ వచ్చినాడు. కాఫీ తాగతా, "రేపట్నించి మళ్ళా నీ బండికే మార్పించుకున్నా అన్నా. ఆ కొత్త పిలకాయలు తోలతా ఉంటే ముందర నిలబడాలంటే భయం. నువ్వయితే నాకు ధైర్యం," అన్నాడు.

వాడు పోయినాక మా ఆయన ఫ్రిజ్జు మీద లెటరు తీసి జోబులో పెట్టుకున్నాడు.

సోమవారం దాన్ని ఆఫీసులో ఇచ్చేసినాడు. మంగళవారానికి గేటు కాడ కుర్చీ వేసినారు. ఇన్సూరెన్సు నుంచి "పరిశీలనలో ఉంది" అని ఒక మెసేజీ వచ్చింది, అంతే. సరి, మేమే ఒక మిషను కొనేసినాము. గేటు కాడయితే ఫోను ఉండొచ్చు గదా. పూర్తి డోసు వేసుకుంటా ఉండాడు. పోయిన జీతం పోయింది, ఇంక దాచేదేమీ లేదని నా ప్రాణం కాస్త కుదుటపడింది.

శుక్రవారం సాయంత్రం మునికృష్ణ మళ్ళా వచ్చినాడు. కూర్చోమంటే కూర్చోలా, గడప దాటలా.

"లెటరు సంగతి యార్డంతా తెలిసిపోయింది. బండి నా మీదికొచ్చిన దినం బ్రేకు పట్టలేదని చెప్పినావే అన్నా."

మా ఆయన కుర్చీలో నుంచి లేచి నిలబడినాడు.

"బ్రేకులు చూసే నిరంజన్‌ని అందుకే గదా పనిలో నుంచి తీసేసినారు. నీకు తెలుసు గదా."

"తెలుసు," అన్నాడు మా ఆయన.

నాకు తెలీదు. ఆటోలో అంతా చెప్పేసినాడనుకున్నా.